ఇంటర్నెట్‌లో అడ్రసులు నిజంగా అయిపోతాయా?

పర్లాకిమిడి, జీడిపప్పు వ్యాపారం:
గోదాంలో కెమెరాలు పెట్టించాను. బరంపురం వెళ్లినప్పుడు ఫోన్లో చూద్దామంటే తెరుచుకోవు. నెట్ కుర్రాడు "అడ్రసులు అయిపోయాయండి, మీకు విడిగా ఇవ్వలేం" అంటున్నాడు. నమ్మొచ్చా?

రాయగడ, నెట్‌వర్క్ పని:
నిజమే అన్నా. నెట్‌లో ప్రతి కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరే అడ్రసు. పాత పద్ధతి, ఐపీవీ4 అడ్రసుకి 32 బిట్లే, అంటే 32 సున్నా-ఒకటి అంకెలే. మొత్తం కలిపి సుమారు 429 కోట్లు, మనుషులేమో 800 కోట్లు దాటారు. ప్రపంచ నిల్వలో చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. అందుకే ఒకే అడ్రసు వెనక చాలా ఇళ్లు పెడుతున్నారు. మీరు బయటికి వెళ్లగలరు, బయట నుంచి మీ కెమెరా దాకా రాలేరు. రౌటర్ సెట్టింగుల్లో వ్యాన్ (WAN) అడ్రసు, అంటే నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన నంబరు చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఇదే సంగతి.

గుణుపురం:
కొత్త పద్ధతి, ఐపీవీ6 అడ్రసు అడగండి బాబూ. అది 128 బిట్లు, 34 పక్కన 37 సున్నాలంత. ఒక్క ఇంటి వాటాలోనే పాత ఇంటర్నెట్ మొత్తానికి 429 కోట్ల రెట్లు పడతాయి. అది మన మనవల కాలానికీ తరగదు.

పర్లాకిమిడి:
కెమెరాలో ఐపీవీ6 లేదండి.

రాయగడ:
అయితే కంపెనీ సర్వర్ ద్వారా చూపించే పద్ధతి ఆన్ చెయ్యండి అన్నా. అందులో కెమెరాయే బయటికి కలుస్తుంది. పాస్‌వర్డ్ మాత్రం తప్పక మార్చండి.