బేకరీకి షట్టర్: 11 నెలల అగ్రిమెంట్, 6 నెలల అడ్వాన్స్ సరేనా?

కొత్త_ఓవెన్:
కూకట్‌పల్లిలో బేకరీకి షట్టర్ మాట్లాడుతున్నాం. 420 చదరపు అడుగులట, అద్దె 35,000, అడ్వాన్స్ 6 నెలలు. ఓనరు 11 నెలల అగ్రిమెంటే అంటున్నారు. లోపల పనికి 4 లక్షలవుతుంది. టోకెన్ ఇచ్చేముందు ఏం చూడాలండీ?

పద్దులు:
టేపు పెట్టి లోపల గోడ నుంచి గోడకి కొలవండి. ఆ 420లో మెట్లు, కామన్ ఏరియా వాటా కలిపి ఉండొచ్చు. లోపల 300 వస్తే అడుగుకి పడేది 83 కాదు, 117. ఓనరుకి జీఎస్టీ ఉంటే 18 శాతం, అంటే నెలకి ఇంకో 6,300. మీరు కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులకి తక్కువ శాతం పన్ను స్కీమ్) ఉంటే అది తిరిగి రాదు. ఓనరుకి జీఎస్టీ లేక, మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ పన్ను మీరే కట్టి క్రెడిట్ (మీ అమ్మకాల పన్నులోంచి తగ్గింపు) తీసుకోవాలి (2024 అక్టోబర్ 10 నుంచి ఇదే పద్ధతి).

దస్తావేజు:
అద్దె సంగతి సరే, అసలు చిక్కు ఆ 11 నెలల దగ్గరే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని 11 రాస్తారు, కానీ తెలంగాణలో ఏడాది లోపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. గడువు తీరాక కొత్త కాగితం లేకుండా కొనసాగితే నెలవారీ అద్దె కిందికొస్తుంది, 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. 4 లక్షల్ని 11 నెలలకి పంచండి: నెలకి 36 వేలు పైనే. అంటే రెండో అద్దె! అదే 5 ఏళ్లకైతే 6,667. 5 ఏళ్లకి రిజిస్టర్ చేయించండి. లాక్-ఇన్ (గడువు మధ్యలో ఖాళీ చేయించకూడదన్న షరతు) ఓనరుకి వర్తించాలి, మీకు మాత్రం 3 నెలల నోటీసుతో వెళ్లిపోయే వీలు రాయించుకోండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయండి. అందులో కనపడని తనఖాలూ ఉంటాయి కాబట్టి ఒరిజినల్ దస్తావేజు చూపించమనండి. బ్యాంకులో ఉందంటే, బ్యాంకు అనుమతి లేఖ లేకుండా ముందుకెళ్లొద్దు.

త్రీఫేజ్:
పాత కరెంటు బిల్లు అడగండి: లోడ్ ఎంత, కమర్షియల్ కేటగిరీయేనా, బకాయిలున్నాయా. 2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ మీద 9 కిలోవాట్ల ఓవెన్ నడవదు. కనెక్షన్ ఓనరు పేరున ఉంటే లోడ్ పెంచడానికి ఆయన సంతకం కావాలి. ఖర్చెవరిదో ఇప్పుడే తేల్చుకోండి. ఓవెన్ వేడి బయటికి పోయే గొట్టానికి దారి ఉందా? బిల్డింగ్ ప్లాన్‌లో ఆ షట్టర్ చోటు పార్కింగో, సెట్‌బ్యాకో (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ) అయితే వదిలేయండి.

కొత్త_ఓవెన్:
రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోకపోతే?

దస్తావేజు:
పని తగ్గించండి. ఫాల్స్ సీలింగ్, టైల్స్ మానేసి, విప్పి పట్టుకెళ్లే ర్యాకులు, కౌంటరుతో సరిపెట్టండి. అడ్వాన్స్ 3 నెలలకి దించమనండి, తిరిగిచ్చే తేదీ, రంగులకి పట్టుకునే మొత్తం కాగితంలో ఉండాలి. దానికీ కాదంటే పక్క వీధి చూసుకోండి.