టర్క్ ఫ్లూయిడ్‌లో కనిపించే చుక్కలన్నీ తెల్ల కణాలేనా?

ప్రశ్న:
ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏడాది చదువుతున్నాను. నిన్న ప్రాక్టికల్‌లో ఒకే ఈడీటీఏ శాంపిల్‌కి (గడ్డకట్టకుండా ఉంచిన రక్తం) మైక్రోలీటరుకి తెల్ల కణాలు మెషీన్ 7,200 చూపిస్తే నాకు 11,000 వచ్చింది. ఎర్ర కణాల్ని కరిగించి తెల్ల కణాలకు రంగు పట్టించే టర్క్ ఫ్లూయిడ్ 380 మైక్రోలీటర్లలో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపాను. న్యూబాయర్ చాంబర్ (కణాలు లెక్కపెట్టే గడుల గాజు పలక) నాలుగు మూల గడుల్లో కలిపి 220 కణాలు, 50తో గుణించాను. మా సార్ "ముందు కళ్లు చూపించుకో" అని నవ్వేశారు. ఎర్ర కణాలు సరిగా కరగలేదేమో? ఫ్లూయిడ్ సీసా పాతదే, దాని మీద తేదీ చెరిగిపోయింది.

జవాబు 1:
లెక్క సరిగానే ఉంది, కళ్లు కూడా బాగానే ఉండి ఉంటాయి. ఎర్ర కణాలైతే కావు. 20 రెట్ల పల్చనలో ఆ నాలుగు గడుల్లో అవి లక్ష దాకా ఉంటాయి. వాటిని కరిగించే ఎసిటిక్ యాసిడ్ పనిచేయక వందో వంతు మిగిలినా వెయ్యి కనబడేవి! నా అనుమానం ఆ సీసా మీదే. ఫ్లూయిడ్‌లో కలిపే రంగు, జెన్షియన్ వయొలెట్, నిలవుంటే రవ్వలు కడుతుంది. రక్తం కలపకుండా ఒట్టి ఫ్లూయిడ్‌నే చాంబర్‌లో వేసి చూడు. నేనూ కొత్తలో ఒక పూటంతా రంగు రవ్వల్నే లెక్కపెట్టాను, ఎవరికీ చెప్పలేదు.

జవాబు 2:
శాంపిల్ పసిబిడ్డదా? న్యూక్లియస్ ఉన్న ఎర్ర కణాలు ఈ యాసిడ్‌కి మాయం కావు, వాటి న్యూక్లియస్‌కీ రంగు పడి తెల్ల కణాల లెక్కలో కలిసిపోతాయి. స్మియర్‌లో (స్లైడ్ మీద పల్చగా పరిచిన రక్తంలో) 100 తెల్ల కణాలకు అవి 25 కనిపిస్తే, కౌంట్‌ని 100తో గుణించి 125తో భాగించాలి.

ప్రశ్న అడిగినవారు:
పెద్దవాళ్లదేనండీ, స్మియర్‌లో అలాంటివి లేవు. ఇవాళ ఒట్టి ఫ్లూయిడ్ వేసి చూశాను. రక్తం చుక్క లేకుండానే నాలుగు గడుల్లో 73! ఫిల్టర్ పేపర్‌లో వడగట్టి, తాజా శాంపిల్‌తో మళ్లీ చేశాను. 149 వచ్చాయి, అంటే 7,450. మెషీన్ 7,300 చూపించింది. సార్‌కి చూపిస్తే సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూశారు, ఏమీ అనలేదు.

జవాబు 1:
వడగట్టినా ఆ సీసాని నమ్మకు, కొత్తది కలుపుకో. డిస్టిల్డ్ వాటర్‌లో 2 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, 1 మిల్లీలీటరు ఒక శాతం జెన్షియన్ వయొలెట్ పోసి, మొత్తం 100 మిల్లీలీటర్లు చెయ్యి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి సుమా. కలిపిన తేదీ చెరగని పెన్నుతో రాయి.