ఉగాది వంటల పుస్తకం: ఫోటోల పని, ఫోమ్ బోర్డుల పని

ఫోటోల బాధ్యత చూసే అక్క, ఫిబ్రవరి 16, సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. నిన్న శివరాత్రి జాగారం చేసినవాళ్ళు ఈపాటికి తేరుకుని ఉంటారని రాస్తున్నాను. మార్చి 21 శనివారం మన కొలంబస్ (అమెరికాలోని ఒహాయో) తెలుగువాళ్ళ ఉగాది వేడుక. ఆ రోజు చేతికివ్వాల్సిన వంటల పుస్తకంలో 24 వంటలు, ఒక్కోదానికి ఒక ఫోటో.

నిరుటి పుస్తకం ఇవాళ మళ్ళీ తిరగేశాను. వంటలకి వంక పెట్టడానికి లేదు. ఫోటోలే దారుణం. బొబ్బట్ల వెనక గిన్నెలు తోమే సబ్బు సీసా, పులిహోర కింద చుక్కల గ్రానైట్, గారెల మీద వంటింటి బల్బు పసుపు. ఒక స్టీలు గిన్నెలోనైతే ఫోటో తీస్తున్నావిడ నైటీతో సహా కనిపించింది. (ఆవిడ నేనే, ఎవరూ నొచ్చుకోకండి.)

ఈసారీ ఎవరి వంట వాళ్ళింట్లోనే తీద్దాం. కానీ వంట కిందా వెనకా కనపడేది అందరిదీ ఒకేలా ఉండాలి. దానికి ఫోమ్ బోర్డులు చాలు. 20 అంగుళాలకి 30 అంగుళాల షీటు డాలర్ ట్రీ అనే చవక దుకాణంలో డాలరున్నర అటూ ఇటూగా ఉంది. మధ్యలో నురగ, రెండువైపులా కాగితం. చిన్నప్పుడు స్కూలు మోడల్ కోసం థర్మోకోల్ కోసి ఇల్లంతా తెల్ల గుళికలు చేసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, పైగా కాగితం ఉంది కాబట్టి గుళికలు రాలవు. మూడు సెట్లు చేసి మన కొలంబస్ పక్క ఊళ్ళు డబ్లిన్‌లో ఒకటి, పావెల్‌లో ఒకటి, లూయిస్ సెంటర్‌లో ఒకటి తిప్పుదామని నా ఆలోచన.

కోశాధికారి, ఫిబ్రవరి 17

అక్కా, ప్రింట్ వేసిన వినైల్ షీట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా. చెక్క, పాలరాయి, ఏది కావాలంటే అది. కొనేస్తే ఈ శ్రమంతా తప్పుతుందేమో?

ఫోటోల బాధ్యత

ఒకటి కొన్నాను తమ్ముడూ. చుట్టి పంపారు. పరిచి, నాలుగు మూలలా కందిపప్పు డబ్బాలు పెట్టినా రెండు వారాల దాకా ఆ వంపు పోలేదు. పైగా కిటికీ పక్కన పెడితే మెరుస్తుంది, పాలరాయి మీద తెల్లటి మరకలా పడుతుంది. మూడు ఊళ్ళకి మూడు కొనాలంటే లెక్క నువ్వే వెయ్యి. బోర్డులకైతే అన్నీ కలిపి 60 డాలర్లు దాటవు.

కోశాధికారి

60 సరే. రసీదులు ఫోటో తీసి పంపండి. బోర్డు మీద పెట్టి తియ్యనక్కర్లేదు.

డబ్లిన్ నుంచి వాలంటీర్

ఎలాగూ చేస్తున్నాం కాబట్టి స్టేజీ వెనకకి కూడా ఫోమ్‌తోనే చేద్దామా అన్నా? ఇళ్ళ గోడలకి వాడే ఇన్సులేషన్ బోర్డు 4 అడుగులు బై 8 అడుగులు వస్తుంది.

కన్వీనర్

వద్దు తమ్ముడూ. ఆ షీటు మన ఎవరి వ్యానులోనూ పట్టదు. పైగా ఆ నురగ తొందరగా అంటుకుంటుంది, స్కూలు హాల్లోకి రానివ్వరు. స్టేజీకి పోయినేటి పట్టు చీరలు, బంతిపూల దండలే. ఇక్కడ వంటల ఫోటోల సంగతే మాట్లాడుకుందాం.

ఫోటోల బాధ్యత, ఫిబ్రవరి 19

ఆదివారం 22న పదింటికి మా గరాజ్‌లో పని. ఐదుగురు చాలు. టీ, పెసరట్టు నావి. పాత బట్టలు వేసుకురండి.

ఒక్కో సెట్టుకి నాలుగు బోర్డులు: రంగు వేసేవి రెండు, తెల్లది ఒకటి, నల్లది ఒకటి. తెల్లదాన్నీ నల్లదాన్నీ ముట్టుకోం, కొన్నవి కొన్నట్టే ఉంటాయి. పనంతా మిగతా రెంటితోనే.

కిందటి నెల ఒకటి చేసి చూశాను. ఒకవైపే రంగు పూసి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే నూనెలో పడ్డ అప్పడంలా వంగి కూచుంది. తడిసిన కాగితం ఆరుతూ బిగుసుకుంటుంది కదా, అటువైపు లాగేస్తుంది. దానికి విరుగుడు రెండోవైపు కూడా పూయడమే. పూసేదేదో ఇంకో రంగు పూస్తే ఒకే బోర్డు రెండు బోర్డుల పని చేస్తుంది. అందుకే ఒకవైపు బూడిద రంగు, రెండోవైపు ముదురు నీలం. ఆరాక రాత్రంతా 20 పౌన్ల సోనామసూరి సంచి కింద పెడితే బల్లలా తయారవుతుంది.

బూడిద వైపు ముందు గోడ పుట్టీ పూయాలి, ఇక్కడ డ్రైవాల్ కాంపౌండ్ అంటారు. పాత గిఫ్ట్ కార్డుతో అటూ ఇటూ పల్చగా గీకుతూ పోవాలి, దోశ పిండి తిప్పినంత శ్రద్ధ అక్కర్లేదు. ఎగుడుదిగుడుగా ఉంటేనే పాత సిమెంటు గచ్చులా కనిపిస్తుంది. మందంగా వేస్తే మాత్రం ఆరాక బీటలు తీస్తుంది. ఆరిన తర్వాత ఒక పూత బూడిద రంగు, దాని మీద కొంచెం తెలుపు కలిపిన బూడిద స్పాంజితో అక్కడక్కడా అద్దాలి. రంగుల షాపులో 8 ఔన్సుల శాంపిల్ డబ్బాలు సరిపోతాయి. ఫ్లాట్ అని అడిగి తెండి, మెరిసేది తెస్తే ఇంత పనీ వృథా.

స్ప్రే పెయింట్ ఎవరూ తేవద్దు. నా మొదటి బోర్డు దాంతోనే పోయింది. కాగితం ఉన్నచోట ఏమీ కాలేదు, కోసిన అంచుల్లో మాత్రం ఆ మందుకి నురగ కరిగి ఎలక కొరికినట్టయింది. గ్లూ గన్ కూడా బాగా వేడిది వద్దు, అదీ కరిగిస్తుంది. చివర్లో మ్యాట్ వార్నిష్, నీళ్ళతో కలిసే రకం, రెండు పూతలు వేద్దాం. అది లేకపోతే మొదటి రోజే నూనె పీల్చేస్తుంది.

యూత్ వాలంటీర్

ఆంటీ, నా దగ్గర రింగ్ లైట్ ఉంది, తీసుకురానా?

ఫోటోల బాధ్యత

వద్దు నాన్నా. గిన్నె అంచు మీదా నూనె మీదా ఆ రింగు గుండ్రంగా కనపడుతుంది. నువ్వు రా చాలు, కత్తి పట్టుకునేవాళ్ళు కావాలి. కొత్త బ్లేడు తెచ్చుకో. ఒకే ఊపులో కోస్తే నురగ చిరుగుతుంది. మొదటిసారి పై కాగితం, రెండోసారి నురగ, మూడోసారి కింది కాగితం, స్కేలు కదలకుండా.

పచ్చళ్ళ స్టాల్ పిన్నిగారు, ఫిబ్రవరి 23

బోర్డులు చూశానమ్మా, మా నాన్నగారి ఇంటి అరుగు గుర్తొచ్చింది. మరి నా ఆవకాయ ఎలా తియ్యాలి? ఎటునుంచి తీసినా నూనె తెల్లగా మెరుస్తోంది, ముక్క కనపడటం లేదు.

ఫోటోల బాధ్యత

పిన్నిగారూ, వంటింటి లైట్లన్నీ ఆర్పెయ్యండి. మీరు చూసే ఆ తెల్ల చుక్కలు పైన ఉన్న బల్బులే. కిటికీ పక్కన చిన్న బల్ల వేసి, ఒక బోర్డు పరిచి, ఇంకోటి వెనక బియ్యం డబ్బాకి ఆనించండి. కిటికీ ఎడమవైపు ఉండాలి. ఇప్పుడు జాడీకి కుడివైపు జానెడు దూరంలో తెల్ల బోర్డు నిలబెట్టండి. పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. లేనప్పుడు ముక్కలకి కుడిపక్క అంతా నల్లగా ఉంటుంది. పెట్టగానే ఆవపిండి అంటుకున్న టెంక దాకా కనపడుతుంది. కిటికీ వెలుగు దాని మీద పడి వెనక్కి వస్తుంది, అంతే. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది రంగు వెయ్యని ఆ తెల్ల బోర్డే.

ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి బాబాయిగారి పాత తెల్ల పంచె కట్టండి. మన కొలంబస్‌లో మబ్బు రోజులకి కరువు లేదు, మబ్బుంటే పంచె కూడా అక్కర్లేదు.

పావెల్ నుంచి వాలంటీర్

అక్కా, మేం భక్ష్యాలు, సకినాలు, దద్దోజనం చేస్తున్నాం. పుస్తకంలో భక్ష్యాలు అనే రాయాలి, బొబ్బట్లు అని కాదు. ముందే చెప్తున్న. ఇంకో సంగతి, దద్దోజనం ఫోటోలో సున్నం ముద్ద లెక్క వస్తోంది.

ఫోటోల బాధ్యత

రెండూ రాద్దాం తమ్ముడూ, పేరు కోసం ఉగాది నాడు గొడవ ఎందుకు. దద్దోజనానికి తెల్ల బోర్డు తీసేసి, అదే చోట నల్లది పెట్టు. నీడ కొంచెం చిక్కబడుతుంది, మెతుకు మెతుకూ విడిగా తెలుస్తుంది. కింద నీలం వైపు వెయ్యి. ఫోన్‌లో గిన్నె మీద వేలు పెట్టి వెలుగు కాస్త కిందికి లాగు. పూతరేకులకీ ఇదే. పులిహోరకి కూడా నీలమే బాగుంటుంది, పసుపు పక్కన నీలం నిలబడుతుంది. సకినాలకి బూడిద.

ఇది అందరికీ: ఫోన్‌ని పళ్ళెం మీదికి వంచేసి దగ్గరగా తీస్తే గుండ్రటి పళ్ళెం కోడిగుడ్డులా సాగుతుంది. కెమెరా జూమ్ 2ఎక్స్ పెట్టి ఒక అడుగు వెనక్కి వెళ్ళండి.

ఉగాది పచ్చడి మాత్రం నాకు వదిలెయ్యండి. ఎన్నిసార్లు తీసినా బురదలా వచ్చింది. ఇత్తడి గిన్నెలో పోసి, పక్కన కొత్త బెల్లం ముక్క, మామిడి ముక్కలు, వేపపువ్వు విడివిడిగా పెట్టి తీస్తాను. ఇత్తడిలో ఇల్లంతా కనపడుతుంది కాబట్టి నాకూ గిన్నెకీ మధ్య నల్ల బోర్డు అడ్డం పెట్టి, ఫోన్ కెమెరా పట్టేంత కన్నం కోస్తాను. ఇక నైటీ భయం లేదు. వేపపువ్వు ఎండుది ఎవరి దగ్గరైనా ఉంటే గుప్పెడు కావాలి.

కన్వీనర్, మార్చి 2

తేదీలు. ఈ వారం శని, ఆదివారాల్లోనే తియ్యండి, ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది. 8న గడియారాలు ముందుకి జరుగుతాయి, ఆ తర్వాత సాయంత్రం ఏడు దాకా వెలుగుంటుంది కాబట్టి మామూలు రోజుల్లో కూడా వీలవుతుంది. 15 ఆదివారం రాత్రికి ఫోటోలన్నీ చేరాలి, 16న ప్రింటుకి వెళ్తుంది. సెట్టు ఎవరింట్లోనూ రెండు రోజులు మించి ఉండకూడదు. బోర్డులు కారులో నిలువుగా పెట్టండి, మీద కిరాణా సంచులు వెయ్యొద్దు.

కోశాధికారి

మొత్తం ఖర్చు 47 డాలర్లు. 13 మిగిలాయి. పెసరట్లకి బిల్లు రాలేదు, రాకపోతేనే మంచిది.

లూయిస్ సెంటర్ నుంచి వాలంటీర్, మార్చి 11

వదినా, చిన్న పొరపాటు జరిగింది. మా సెట్టులో నీలం వైపు పోపు ఒలికింది. తుడిచాను, నూనె పోయింది కానీ అరచేయంత పసుపు మరక ఉండిపోయింది. రేపు ఈ సెట్టు ఎవరికి ఇవ్వాలి?

ఫోటోల బాధ్యత

పర్లేదమ్మా. పులిహోర చేసేవాళ్ళకి ఇవ్వు. పళ్ళెం సరిగ్గా ఆ మరక మీదే పెట్టమని చెప్పు.