ఈ-సంతకాలకు చట్టం మెట్లు కట్టాలా, ఏ సంతకమైనా చెల్లుతుందని వదిలేయాలా?

కొండాపూర్_కోడర్:
నలుగురం కలిసి నడుపుకుంటున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మాది. ఈమధ్య రెండు కాంట్రాక్టులు వచ్చాయి. అమెరికా క్లయింట్ తన పేరు టైప్ చేసి బటన్ నొక్కాడు, మేమూ నొక్కాం, పని అయిపోయింది. జర్మనీ వాళ్ల దగ్గర మాత్రం ఆగిపోయింది. వాళ్లకి "క్వాలిఫైడ్" సంతకం కావాలట. మా క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో (కంప్యూటర్‌కి గుచ్చే పెన్‌డ్రైవ్ లాంటిది) సంతకం చేసి పంపితే, ఇది ఆ లెక్కలోకి రాదు, కాగితం మీద పెట్టి కొరియర్ చేయండి అన్నారు. ఇక్కడ టెండర్లకీ కంపెనీ ఫైలింగులకీ చెల్లే టోకెన్ అక్కడెందుకు పనికిరాదు? నా ఓటు అమెరికా పద్ధతికే. మనిషి ఒప్పుకున్నాడని తెలిస్తే చాలదా? కాదనేవాళ్లు చెప్పండి.

బెజవాడ_లాయర్:
అమెరికాలో ఏ సంతకమైనా చెల్లుతుందన్నది సగం నిజమే. 2000 నాటి ఈ-సైన్ చట్టం చెప్పేదొక్కటే: ఎలక్ట్రానిక్ అన్న ఒకే ఒక్క కారణంతో సంతకాన్ని కొట్టేయకూడదు. అది పెట్టింది ఎవరో రుజువు చేసుకోవడం మీ పని. యూరప్ చట్టం ఈఐడాస్ (2014లో వచ్చింది, సంతకాల వరకు 2016 జులై 1 నుంచి అమలు) కూడా సరిగ్గా అదే మాట అంటుంది. కాకపోతే దాని మీద మెట్లు కట్టింది: మామూలు, అడ్వాన్స్‌డ్, క్వాలిఫైడ్. పై మెట్టుకే చేతి సంతకంతో సమానమైన హోదా. ఒక సభ్యదేశంలో ఇచ్చిన క్వాలిఫైడ్ సర్టిఫికెట్‌ని (ఈ సంతకం ఫలానా మనిషిదేనని చెప్పే డిజిటల్ ధ్రువపత్రం) మిగతా సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. బయటి దేశాల సర్టిఫికెట్లకు ఆ హోదా రావాలంటే యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందమో, యూనియన్ ఇచ్చే గుర్తింపు ఉత్తర్వో ఉండాలి. మీ టోకెన్ ఎంత గట్టిదైనా ఆ మెట్టు ఎక్కనిది అందుకే. మనమేం తక్కువ తినలేదు. మన ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్ 19 ప్రకారం విదేశీ సర్టిఫైయింగ్ అథారిటీని, అంటే ఆ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థని, ఇక్కడ గుర్తించాలంటే కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలి.

ఇంకోటి. సాఫ్ట్‌వేర్ సేవల కాంట్రాక్టుకు ఫలానా రూపంలోనే సంతకం ఉండాలని జర్మన్ చట్టం మామూలుగా అడగదు. మీకు అడ్డం పడింది బహుశా ఆ కంపెనీ పాలసీ.

మ్యూనిక్_మామయ్య:
లాయర్ గారు చెప్పింది కరెక్టే గానీ, మెట్లు ఎందుకున్నాయో కూడా చూడండి. ఇక్కడ ఉద్యోగం మానేయాలన్నా, తీసేయాలన్నా నోటీసు కాగితం మీద సిరా సంతకంతోనే ఇవ్వాలి. సివిల్ కోడ్ 623వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపాన్ని పేరు పెట్టి మరీ కాదంది. క్వాలిఫైడ్ సంతకం కూడా చెల్లదు. కోపంలో రాత్రి పదకొండుకి ఈమెయిల్ కొట్టి రాజీనామా చేశాననుకోండి, తెల్లారేసరికి నా ఉద్యోగం నాకే ఉంటుంది. మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలనే ఆ కాగితం.

నిర్ణీత కాలానికి ఇచ్చే ఉద్యోగాలకు మాత్రం క్వాలిఫైడ్ సంతకం సరిపోతుంది, అంతకు తక్కువైతే కుదరదు. 2021లో బెర్లిన్ కార్మిక కోర్టుకు ఇలాంటి కేసే వచ్చింది. కంపెనీ ఆన్‌లైన్‌లో కింది రకం సంతకంతో కాంట్రాక్టు చేయించింది. ఆ గడువు షరతు చెల్లదని కోర్టు తేల్చింది. అంటే ఉద్యోగం పర్మనెంట్ అయినట్టే. ఇప్పుడు చెప్పండి కోడర్ గారూ, ఆ మెట్టు ఎవరిని కాపాడింది?

డల్లాస్_పిల్లోడు:
మామయ్యా, కార్మికుల సంగతి వేరు, రెండు కంపెనీల మధ్య బేరం వేరు. ఇక్కడ కూడా వీలునామాల్ని ఈ-సైన్ చట్టం నుంచి తప్పించారు. ఉంటున్న ఇల్లు ఖాళీ చేయించే నోటీసులూ, కరెంటు, నీళ్లు కట్ చేసే నోటీసులూ అంతే. ఎవరికి దెబ్బ తగులుతుందో అక్కడ అడ్డుకట్ట వేసి మిగతాది వదిలేశారు. ఇరవై ఏళ్లు దాటింది, ఆకాశమేం ఊడిపడలేదు.

సరదాకి ఒక ముచ్చట. ఆ చట్టం మీద క్లింటన్ ఫిలడెల్ఫియాలో స్మార్ట్ కార్డుతో సంతకం పెట్టాడు. పాస్‌వర్డ్ "బడీ" అని అందరి ముందే తెలిసిపోయింది. అది ఆయన కుక్క పేరు! పెన్నుతోనూ పెట్టాడు లెండి.

బెజవాడ_లాయర్:
@డల్లాస్_పిల్లోడు వదిలేస్తే ఏమవుతుందో కెనడాలో చూశాం కదా. సస్కాచెవాన్‌లో ధాన్యం కొనే కంపెనీ అవిసె గింజల కాంట్రాక్టును ఫొటో తీసి రైతు ఫోన్‌కి పంపింది, దయచేసి ధ్రువీకరించండి అని. ఆయన బొటనవేలు ఎమోజీ పెట్టాడు. ధర పెరిగింది, సరుకు రాలేదు. కాంట్రాక్టు అందిందని చెప్పానే తప్ప ఒప్పుకోలేదని రైతు వాదన. 2023లో కోర్టు ఆ ఎమోజీనే సంతకమంది, 82 వేల చిల్లర కెనడా డాలర్లు కట్టమంది. అప్పీలులోనూ అదే నిలిచింది.

డల్లాస్_పిల్లోడు:
ఆ కేసు నా వాదనకే బలం అన్నా! వాళ్లిద్దరి మధ్య అంతకుముందు "ఓకే", "యప్" అన్న మెసేజ్‌ల మీదే కాంట్రాక్టులు నడిచాయి, సరుకూ వెళ్లింది. జడ్జి చూసింది ఆ అలవాటునే. ఇంగ్లండ్‌లో 2019లో ఈమెయిల్ అడుగున దానంతటదే పడే పేరునే స్థలం ఒప్పందానికి సంతకంగా తీసుకున్నారు. మెట్లు పెట్టుకుంటే ఇలాంటి నిజమైన ఒప్పందాలన్నీ ఎగ్గొట్టేవాడికి వరమవుతాయి.

సత్తెనపల్లి_ఆడిటర్:
పెద్ద పెద్ద కోర్టుల సంగతి అలా ఉంచండి. మన పై మెట్టు ఎలా ఉందో నేను చెప్తా. ఊళ్లో ఏ ఆడిటర్ ఆఫీసులోనైనా సొరుగు లాగండి. క్లయింట్ల డాంగిళ్లు (కోడర్ గారు చెప్పిన ఆ టోకెన్లే) గుత్తులుగా ఉంటాయి, ఒక్కోదాని మీద కంపెనీ పేరు రాసిన స్టిక్కర్, కింద పెన్నుతో పిన్ నంబరు. డైరెక్టర్ గారు తిరుపతిలో క్యూలో ఉంటారు, ఆయన "సంతకం" ఇక్కడ పడిపోతుంటుంది. ప్రైవేట్ కీని (డాంగిల్‌లో ఉండే, సంతకం పెట్టే రహస్య కోడ్) మన అదుపులోనే ఉంచుకోవాలని ఐటీ చట్టం సెక్షన్ 42 చెబుతోంది. ఎవరు వింటున్నారు? రేపు గొడవొస్తే మాత్రం సెక్యూర్ సంతకమని కోర్టు ముందే నమ్ముతుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది డైరెక్టరే.

ఇక డౌన్‌లోడ్ చేసిన ఆధార్ పీడీఎఫ్ చూడండి. సంతకం మీద పసుప్పచ్చ ప్రశ్నార్థకం. దాని మీద క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఆ సర్టిఫికెట్‌ని నమ్ముతున్నానని చెప్తేనే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. ఎవరు చేస్తారు ఆ పని? అందరూ ప్రింటే తీస్తారు. ప్రింట్ తీశాక ఆ సంతకంలో సరిచూడ్డానికి ఇంకేం మిగలదు, ఉత్త బొమ్మే. దాని మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించుకు రమ్మనే కౌంటర్లు కూడా చూశాను.

ఖమ్మం_అక్క:
మీరంతా కంపెనీల గురించే మాట్లాడుతున్నారు. నా గోల వినండి. తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. ఇక్కడి ప్లాట్ అమ్మడానికి నాకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. ఆధార్ ఓటీపీతో చేసేద్దాం అనుకుంటే కుదరదన్నారు. వాడు కాగితం మీద రాసి, నోటరీ ముందో కాన్సులేట్‌లోనో సంతకం పెట్టి పోస్టులో పంపాలి. ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు నేను స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. సరే, జాగ్రత్త కోసమే అనుకుందాం. మరి అదే తమ్ముడు బ్యాంకుకి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఎలక్ట్రానిక్‌గా ఇచ్చేయొచ్చట! తోడబుట్టినదాని మీద లేని నమ్మకం బ్యాంకు మీద ఎలా వచ్చింది?

బెజవాడ_లాయర్:
అక్కగారూ, అసలు కీలకం మీరే పట్టుకున్నారు. ఐటీ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఈ-సంతకం చెల్లని పత్రాల జాబితా ఉంది: చెక్కు కాని నెగోషియబుల్ పత్రాలు (ప్రామిసరీ నోట్ల లాంటివి), పవర్ ఆఫ్ అటార్నీ, ట్రస్టు, వీలునామా, స్థిరాస్తి అమ్మకం. 2022 సెప్టెంబర్ నోటిఫికేషన్‌తో స్థిరాస్తి పద్దు తీసేశారు. అయినా సేల్ డీడ్‌కి రిజిస్ట్రేషన్ చట్టం ఉండనే ఉంది. రిజర్వ్ బ్యాంక్, సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) లాంటి సంస్థల కింద ఉన్నవాళ్లకి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీలకూ, డిమాండ్ ప్రామిసరీ నోట్లకూ తలుపు తెరిచారు. మీకూ నాకూ తెరవలేదు. దానికో కారణం ఉంది: బ్యాంకు తప్పు చేస్తే అడిగే నాథుడున్నాడు. జీపీఏల (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పేరుతో మన దగ్గర భూముల విషయంలో జరిగిన మోసాలు తక్కువా? జీపీఏ మీద అమ్మకం అమ్మకమే కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఖమ్మం_అక్క:
అడిగే నాథుడు బ్యాంకుని అడుగుతాడు సరే, ఓటీపీ చెప్పిన ముసలమ్మని ఎవరు అడుగుతారండీ? మా వీధిలో లోన్ ఏజెంట్ ఆవిడ ఫోన్ తనే చేతిలోకి తీసుకుని ఓటీపీ కొట్టేశాడు. ఏం పత్రమో ఆవిడకి తెలియదు. మామయ్య గారు చెప్పిన ఆ ఒక్క క్షణం ఆగి ఆలోచించడం ఇక్కడ ఎక్కడుంది?

మ్యూనిక్_మామయ్య:
అమ్మా, నేను అంటున్నదీ అదే. అప్పుకి హామీ ఉండే కాగితం జర్మనీలో మామూలు మనుషులు సిరాతోనే సంతకం పెట్టాలి, బ్యాంకు ఎంత పెద్దదైనా సరే. ఇండియాలో మెట్టు కట్టింది బ్యాంకు సౌకర్యానికి. ఇక్కడ కట్టింది సంతకం పెట్టేవాడి కోసం.

డల్లాస్_పిల్లోడు:
ఇది ఒప్పుకుంటా. కానీ దీనికి విరుగుడు ఇంకో మెట్టు కాదు మామయ్యా. వివాదం వస్తే రుజువు భారం అప్పిచ్చినవాడి మీద వేయండి. ఫోన్ ఎవరి చేతిలో ఉంది, పత్రం ఆవిడకి చదివి వినిపించారా అన్నది వాడే చూపించుకోవాలి. అమెరికాలో వినియోగదారుడికి ఎలక్ట్రానిక్ పత్రం ఇచ్చేముందు దాన్ని తను తెరిచి చూడగలడని తెలిసేలా అనుమతి తీసుకోవాలన్న రూలుంది.

సత్తెనపల్లి_ఆడిటర్:
అనుమతి అంటే ఇంకో టిక్కు బాక్సే కదా బాబూ. ఆ టిక్కు కూడా ఏజెంటే పెడతాడు.

కొండాపూర్_కోడర్:
అందరికీ థాంక్స్. లాయర్ గారు చెప్పినట్టు జర్మనీ వాళ్లని అడిగా, చట్టం కాదు కంపెనీ పాలసీయేనట. అయినా మార్చరట. కాగితం కొరియర్ చేశాం. మళ్లీ ఈ తిప్పలు లేకుండా, ఇకపై మార్పులన్నీ ఈమెయిల్లో ఒప్పుకున్నా చెల్లుతాయని కాంట్రాక్టులోనే ఒక క్లాజు పెట్టించాం. కంపెనీల మధ్య మాత్రం నా ఓటు మారలేదు. లోన్ల విషయంలో అక్కగారి వైపే.

బెజవాడ_లాయర్:
ఆ క్లాజులో ఎవరి ఈమెయిల్ ఐడీ నుంచి వస్తే చెల్లుతుందో కూడా రాయించారా? లేకపోతే మీ ఇంటర్న్ పెట్టిన బొటనవేలు గురించి మళ్లీ ఇక్కడే చర్చ పెట్టాల్సొస్తుంది.