అప్‌డేట్: డీఈఐసీలోనే చేరిపోయా

పోయిన నెల అడిగా కదా, ఎంఏ సైకాలజీ ఇంటర్న్‌షిప్ ప్రైవేట్ క్లినిక్‌లోనా, జిల్లా ఆస్పత్రి డీఈఐసీలోనా (పిల్లల ఎదుగుదల సమస్యల్ని చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే కేంద్రం) అని. సూపర్‌విజన్ ఎవరిస్తారో ముందు కనుక్కో అన్నారు, కనుక్కున్నా, క్లినిక్‌లో ఆ ఊసే లేదు, ఫీజు మాత్రం అడిగారు 😅

ఇక్కడ ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) టీమ్‌లు అంగన్‌వాడీల నుంచి, స్కూళ్ల నుంచి పంపిన పిల్లలొస్తారు. రెండు వారాలు నాకు సూపర్‌విజన్ ఇచ్చే మేడమ్ పక్కన కూర్చుని చూడటమే. మొన్న సెగ్విన్ ఫామ్ బోర్డ్ (ముక్కల్ని వాటి ఆకారపు గుంటల్లో పెట్టించే, పిల్లల తెలివితేటల టెస్ట్) నా చేతికిచ్చారు, పది చెక్కముక్కలు, మూడుసార్లు పెట్టించి టైమ్ రాయాలి, ఆరేళ్ల బుడ్డోడు స్టార్ ముక్క జేబులో వేసుకుని ఇవ్వనంటే ఇవ్వనన్నాడు, నేను స్టాప్‌వాచ్ ఆపడమే మర్చిపోయా. టైమ్ పోతే పోయిందిలే, వాడు నీతో ఏం మాట్లాడాడో రాశావా అన్నారు మేడమ్. రాయలేదు.

నాకు ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రిపోర్ట్ మీద సంతకం ఆవిడదే. నిజం చెప్పాలంటే అదే ధైర్యం. వాడు మళ్లీ మంగళవారం వస్తాడు.