కల్పిత రాజ్యంలో మొక్కు విందుకు ఏ మాట?

ప్రశ్న: ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. గుట్టల మీది గొల్లలు, ఏరు దాటి వచ్చిన రౌతులు నాలుగు తరాలుగా కలిసి బతుకుతున్న రాజ్యం. మొక్కు తీరితే అందరూ కలిసి తింటారు. ఆ విందుకు ‘సమైక్య భోజనోత్సవం’ అని పేరు పెడితే చదివినవాళ్లు నవ్వుతున్నారు. వేరే మాట చెప్పండి.

జవాబు: నవ్వరా మరి, సర్కారు పథకం పేరులా ఉంది! పాలమూరు, నల్లగొండ దిక్కు ఆ విందుకు మాట ఉండనే ఉంది: కందూరు. ఫారసీలో కందూరీ అంటే భోజనానికి పరిచే గుడ్డ, మొక్కు విందు కూడా. మలయ్ భాషలో ‘కెందురి’ కూడా ఇదే.

జాన్‌పహాడ్ సైదులు దర్గాకో, కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాకో కందూరు చేయడానికి పోయేవాళ్లలో హిందువులు బోలెడుమంది. యాటను తోలుకొచ్చేది వీళ్లు. బిస్మిల్లా అని కోసేది ముల్లా సాబు. పొయ్యి రాజేసి వండేది మళ్లీ వీళ్లే. ఫాతిహా (ఖురాన్ వాక్యాలు చదివే ప్రార్థన) అయ్యాకే వడ్డన. మీ కథకు పనికొచ్చేది ఈ పనుల పంపకమే. రెండు జాతులూ ఒకే బంతిలో కూర్చున్నాయని రాస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. ఒకరి చెయ్యి పడకపోతే ఇంకొకరి మొక్కు చెల్లదని రాయండి.

పేర్లూ అంతే. సైదులు, సైదమ్మ, ఆఖరికి సైదిరెడ్డి కూడా నల్లగొండలో ఎవరికీ వింత కాదు. మీ గొల్లల పిల్లకు రౌతుల పీరు పేరు పెట్టేయండి. ఎందుకు పెట్టారో మాత్రం వివరించకండి.

మరొకరు: కందూరు అంటే కందూరు చోళులు కదండీ, పానగల్లు ఏలినవాళ్లు?

జవాబు: వాళ్లకు ఆ పేరు ఊరిని బట్టి వచ్చింది. ఆ ఊరు పాలమూరు జిల్లాలోనే ఉంది. వాళ్లు 11, 12 శతాబ్దాల వాళ్లు. ఈ విందుతో సంబంధం లేదు.

అడిగినవారు: అయితే రెండు జాతుల మధ్య పెళ్లిళ్లు కూడా పెట్టేస్తా.

జవాబు: ఆగండాగండి. మా ఊళ్లల్లో ముల్లా సాబును మామా అనో బావా అనో వరుస పెట్టే పిలుస్తారు. కానీ ఉన్నది కంచం పొత్తే, మంచం పొత్తు లేదు. మామా అని పిలిచేవాడు నిజంగానే పిల్లనడిగితే ఊరు ఊరుకుంటుందా? పెళ్లిళ్లు పెట్టేస్తే ఆ గొడవంతా మీ చేతుల్లోంచి పోతుంది.

ఇంకొకరు: ‘మేక’ అని రాయకండి, యాట అనండి. పొట్టేలైనా మేకపోతైనా ఆ మాటలోనే వచ్చేస్తుంది.