పక్కగాలి, వాన ఉండే రోడ్డు మీద ముందు చక్రానికి 50 మి.మీ. డీప్ రిమ్ పెట్టొచ్చా?

కొత్తచైన్: సైకిల్‌కి కార్బన్ చక్రాలు కొందామనుకుంటున్నా, రెండిటికీ రిమ్ లోతు (టైరు అంచు నుంచి చక్రం మధ్య వైపుకి రిమ్ ఎత్తు) 50 మి.మీ. బండి డిస్క్ బ్రేకులది. నేను తిరిగే రోడ్డు చాలావరకు బయలు. పక్కగాలి తప్పదు, వాన పడినా ఆగను. కొందరు ముందు 35, వెనక 50 పెట్టుకోమంటున్నారు. ముందు కూడా 50 పెడితే నిజంగా ఇబ్బందా?

గాలివాటం: పెట్టుకోండి, ఏం కాదు. ఈ గొడవంతా పాత రిమ్ముల కాలం నాటిది. అప్పట్లో రిమ్ లోపలి అంచు వీ ఆకారంలో సన్నగా ఉండేది. గాలి కొంచెం కోణం మారి తగిలితే చాలు, ప్రవాహం ఒక్కసారిగా రిమ్మును వదిలేసేది, హ్యాండిల్ చేతిలోంచి లాక్కున్నట్టు తిరిగేది. 2010 ప్రాంతం నుంచి వెడల్పుగా, లోపలి అంచు గుండ్రంగా ఉండే యూ ఆకారం రిమ్ములు వచ్చాయి. వీటిలో పక్కగాలి తోపుడు హ్యాండిల్ తిరిగే ఇరుసుకు దగ్గరగా పడుతుంది కాబట్టి బండి పక్కకి జరిగినా హ్యాండిల్ అంతగా మెలిపడదు. పైగా ఏటవాలు గాలికి డీప్ రిమ్ తెరచాపలా పనిచేసి, ఎదురయ్యే గాలి నిరోధం కొంత తగ్గిస్తుంది. డబ్బు పెట్టి కొని ఆ లాభం ఎందుకు వదులుకోవాలి?

పంచరు: ముందు 35, వెనక 50. వెనక చక్రం హ్యాండిల్‌ను తిప్పదు. ఇంత వాదన అనవసరం.

బ్రేకుశాస్త్రి: వానలో కార్బన్ రిమ్ అనే మాటే ఎత్తకండి. తడిసిన కార్బన్ అంచు మీద బ్రేకు ప్యాడుకు పట్టు దొరకదు. లివర్ నొక్కాక ముందు నీటి పొర తుడుచుకుపోవాలి, ఆ తర్వాతే బండి ఆగే ఆలోచన చేస్తుంది. ఎండ రోజు పొడవైన దిగుడులో ఇంకో బాధ. రాపిడి వేడికి కార్బన్ పోగుల్ని పట్టి ఉంచే జిగురు, రెజిన్, మెత్తబడి రిమ్ అంచు ఉబ్బుతుంది. నాది అలాగే పోయింది. అమ్మినవాళ్లని అడిగితే 'మీరు బ్రేకు ఎక్కువసేపు పట్టారు' అన్నారు. దిగుడులో బ్రేకు పట్టక ఇంకేం పట్టాలి?

గాలివాటం: శాస్త్రి గారూ, ఆయనది డిస్క్ బ్రేకు. ప్యాడు చక్రం మధ్యలో ఉండే లోహపు బిళ్లను, అంటే రోటర్‌ను పట్టుకుంటుంది, రిమ్ జోలికే పోదు.

బ్రేకుశాస్త్రి: రోటర్ తడిసినా మొదటి క్షణం పట్టదు. కీచుమంటుంది కూడా.

తేలికబండి: కొత్తచైన్ గారూ, మీ బరువెంత? ఎంత వేగంతో తొక్కుతారు? ఇంతసేపూ ఎవరూ అడగలేదు. ఒకే రిమ్ మీద ఒకే గాలి పడితే తోపుడు ఒకటే. కానీ బరువైన మనిషి జరిగేదానికంటే తేలికైన మనిషి చాలా ఎక్కువ జరుగుతాడు. నా బరువు 51 కిలోలు, అనుభవం మీద చెప్తున్నా.

వేగం సంగతి కూడా చూడండి. గంటకు 10 కి.మీ. గాలి సరిగ్గా అడ్డంగా వీస్తోందనుకుందాం. 36 వేగంతో వెళ్లేవాళ్లకి అది, వేగం వల్ల ఎదురయ్యే గాలితో కలిసి, ముందు నుంచి సుమారు 15 డిగ్రీల కోణంలో తగులుతుంది. 25తో వెళ్లేవాళ్లకి దాదాపు 22. గాలివాటం గారు చెప్పిన తెరచాప లాభం తక్కువ కోణాల్లోనే దొరుకుతుంది. కోణం పెరిగాక ఏ ఆకారం రిమ్మునైనా గాలి వదిలేస్తుంది.

ఇంకో మాట. చక్రాలను పరీక్షించే విండ్ టన్నెల్‌లో గాలి నిలకడగా వీస్తుంది. నిలకడ గాలితో నాకూ పేచీ లేదు, బండి కాస్త వాల్చి పోవచ్చు. లారీ దాటిపోయినప్పుడు, చెట్ల వరుస అయిపోయి బయలు మొదలైన చోట, వంతెన మీదికి ఎక్కగానే కొట్టే విసురుగాలి వేరు. నేను ముందు 50 తీసేసి 33 పెట్టుకున్నా.

గాలివాటం: అన్నా, మీరు తీసేసిన 50 వీ ఆకారమా, యూ ఆకారమా? అది చెప్పకుండా ఈ లెక్కలన్నీ ఎందుకు?

తేలికబండి: అన్నా కాదు, అక్క. యూ ఆకారమే. రిమ్ బయటి వెడల్పు 28, టైరు 28.

గాలివాటం: అదిగో, దొరికింది అక్కా! టైరు వెడల్పుకి రిమ్ వెడల్పు కనీసం 105 శాతం ఉండాలని సూత్రం. 28 టైరుకి 29 పైనే కావాలి. వెడల్పు రిమ్ మీద ఎక్కిస్తే టైరు ఇంకా ఉబ్బుతుంది కూడా. టైరు రిమ్మును దాటి బయటికి ఉబ్బితే గాలి మళ్లీ రిమ్మును అంటుకోదు. 25 టైరు వేసి చూడాల్సింది.

తేలికబండి: వానలో 25 టైరు వేసి, ప్రెషర్ పెంచి తొక్కాలా? తడి రోడ్డు మీద వెడల్పు టైరు, తక్కువ ప్రెషర్ అని ఇంకో చర్చలో రాసింది మీరే కదా?

గాలివాటం: అది పట్టు గురించి. ఇది గాలి గురించి. రెండూ కలపకండి.

తేలికబండి: వానా గాలీ వేరువేరు రోజుల్లో వస్తే కలపను.

నూనెడబ్బా: మధ్యలో ఒక మాట. డీప్ రిమ్ లోపలంతా డొల్ల. పెద్ద వానలో వాల్వ్ రంధ్రం నుంచి, స్పోకు రంధ్రాల నుంచి నీళ్లు చేరతాయి, చక్రం తిప్పితే గలగలమంటాయి. కొన్ని రిమ్ములకు నీళ్లు పోవడానికి చిన్న రంధ్రం ఇస్తారు. లేకపోతే టైరు, టేపు విప్పి ఆరబెట్టాల్సిందే. స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్లు, అంటే నిపుల్స్, అల్యూమినియంవి అయితే మరీ జాగ్రత్త. కార్బన్, తడి, అల్యూమినియం ఒకచోట కలిస్తే నిపుల్ లోపలే తినేసుకుపోతుంది, ఒకరోజు టప్‌మని తెగుతుంది. వానలో తొక్కేవాళ్లు ఇత్తడి నిపుల్స్ అడిగి తీసుకోండి.

గాలివాటం: అది మంచి మాట. అక్కా, నేను సూటిగా చెప్తా, ఏమనుకోవద్దు. చాలామందికి సమస్య చక్రంతో కాదు, చేతులతో. విసురుగాలి తగలగానే హ్యాండిల్ బిగబట్టేస్తారు, భుజాలు గట్టిపడతాయి, బండి ఇంకా ఊగుతుంది. మోచేతులు వదులుగా పెట్టి, హ్యాండిల్ కింది వంపు పట్టుకుని, పెడల్ ఆపకుండా తొక్కితే బండి తనంతట తనే సర్దుకుంటుంది. నేర్చుకుంటే పోయేదానికి చక్రాలు మార్చడం దేనికి?

తేలికబండి: వచ్చింది. ఈ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా.

గుంపుతో తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇదే వింటున్నా. 'నేర్చుకో, భయం పోతుంది.' చెప్పేవాళ్లందరూ నాకంటే ఇరవై, ముప్పై కిలోలు ఎక్కువ. చక్రాలు అమ్మినవాళ్లూ అదే అన్నారు. మీరు చెప్పిన మోచేతులు, భుజాలు అన్నీ నాకు తెలుసు, అన్నీ చేస్తాను. ఒక వంతెన మీద విసురుగాలి కొడితే రోడ్డు మధ్య గీత దాటి అవతలికి పోయాను. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నా. వెనకొచ్చినాయన దగ్గరికొచ్చి 'పట్టు సరిగ్గా లేదమ్మా' అన్నాడు. ఆయన ముందు చక్రం 30 మి.మీ. అల్యూమినియం రిమ్.

పంచరు: హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన) ప్రపంచ పోటీలో పక్కగాలి వల్ల డిస్క్ చక్రాలు నిషేధం, వెనక కూడా పెట్టనివ్వరు. అక్కడికొచ్చేవాళ్లకి చేతులు వదులుగా పెట్టడం తెలియకనా?

బ్రేకుశాస్త్రి: చూశారా, డిస్కును నిషేధించారు.

పంచరు: డిస్క్ చక్రం, శాస్త్రి గారూ. బ్రేకు కాదు.

గాలివాటం: అది మొత్తం మూసేసిన చక్రం. ఇక్కడ మాట్లాడేది 50 గురించి.

నిర్వాహకుడు: మాటలు చక్రాల దగ్గరే ఉంచండి. మనుషుల మీదికి వద్దు.

గాలివాటం: మనుషుల మీదికి నేను పోలేదు. కానీ నా సంగతి కూడా వినండి. పక్కగాలిలో గుంపుగా వెళ్తుంటే నా ముందున్నతను గాలికి బెదిరి బ్రేకు కొట్టి పక్కకి ఊగాడు. అతని వెనక చక్రానికి నా ముందు చక్రం తగిలింది, నా కాలర్ ఎముక విరిగింది. అతనిది డీప్ రిమ్ కూడా కాదు, మామూలు రిమ్. 'చక్రం మార్చుకుంటే సరిపోతుంది' అని ఎవరైనా అంటే అందుకే నాకు ఒళ్లు మండుతుంది. 33 పెట్టుకుని నిశ్చింతగా గుంపులోకి వస్తారు, పెద్ద గాలికి మళ్లీ ఊగుతారు, పడేది వెనకవాడు.

తేలికబండి: అంటే మీ బాధ రిమ్ ఆకారం గురించి కాదు. గాలి రోజు గుంపులో ఎవరుండాలి అన్నది.

గాలివాటం: ఉండొద్దనలేదు. నేర్చుకుని రమ్మన్నా.

తేలికబండి: అన్నీ వచ్చినవాళ్లు కూడా పక్కకి జరుగుతారంటున్నా. నాది 51 కిలోలు. మూడడుగులు జరిగేదాన్ని అడుగు జరిగితే మీ కాలర్ ఎముకకే మంచిది. దాన్ని భయం అంటారేంటి?

గాలివాటం: భయం అన్న మాట నేను వాడలేదు. పైన చూడండి.

కొత్తచైన్: ఇద్దరూ ఆగండి. నా బరువు 62. బయలు రోడ్డులో 28 దాటితే గొప్ప. ఎప్పుడూ ఒంటరిగానే తిరుగుతా.

గాలివాటం: ఒంటరిగానే అయితే మీ ఇష్టం. అమ్మేవాళ్లు ముందూ వెనకా వేరు లోతుల్లో ఇస్తారేమో అడగండి. ఇస్తే 35, 50 తీసుకోండి. అక్క మాట ఒప్పుకుని చెప్పట్లేదు. 28 వేగంలో ముందు చక్రం లోతు వల్ల మీకొచ్చే లాభం కొంచెమే, అందుకని.

తేలికబండి: నిపుల్స్ ఇత్తడివి అడగండి.